చింపకండి, కవరుతో సహా తీసుకురండి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా బందరులో జరిగిన సభలో, ఊళ్లో యాభై ఏళ్లకు పైగా తపాలా బిళ్లల కొట్టు నడిపిన పెద్దాయన చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న అమ్మలకీ అయ్యలకీ, వెనకాల కిటికీ ఎక్కి కూర్చున్న పిల్లలకీ నమస్కారం. బాబూ, ఆ కిటికీ ఊచ కదులుతోంది, దిగి చాప మీద కూర్చో. ఆఁ, అలాగ.

నన్ను పరిచయం చేస్తూ మాస్టారు "స్టాంపుల వ్యాపారి" అన్నారు. అనగానే ముందు వరసలో ఇద్దరు ఏదో గుసగుసలాడుకున్నారు, నేను చూశాను. ఏమనుకున్నారో నాకు తెలుసు లెండి. మన ఊళ్లో స్టాంపులంటే ఏమిటి? రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చునే స్టాంపు వెండరు. అంతేగా? నేను కొట్టు తెరిచిన కొత్తలో వచ్చిన బేరాల్లో సగం అవే. "ఏవండీ, స్టాంపు కాయితం ఉందా, పొలం అగ్రిమెంటు రాసుకోవాలి" అని వచ్చేవాళ్లు. లేదండీ, నావి ఉత్తరాలకి అంటించే స్టాంపులు అంటే, "అవి పోస్టాఫీసులోనే దొరుకుతాయిగా, నువ్వెందుకు మధ్యలో?" అనేవాళ్లు. ఇవి వాడేసిన స్టాంపులండీ అంటే, ఇంక చూసుకోండి. ఒకసారి నా వంకా, ఒకసారి కొట్టు వంకా చూసి, పాపం అన్నట్టు తలూపి వెళ్లిపోయేవాళ్లు. వాడేసిన స్టాంపు డబ్బిచ్చి ఎవడు కొంటాడు? మా మావగారు కూడా పిల్లనిచ్చే ముందు సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. నేను చెప్పిన జవాబు ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. పిల్లనైతే ఇచ్చారు.

ఇంకో సంగతి. తెల్గీ నకిలీ స్టాంపుల కుంభకోణం పేపర్లలో మారుమోగిన రోజులు గుర్తున్నాయా? అప్పుడు ఒక కానిస్టేబులు మా కొట్టుకొచ్చాడు. "ఇక్కడ పాత స్టాంపులు అమ్ముతున్నావంట" అన్నాడు. అవునన్నాను. "ఎక్కడ అచ్చేస్తున్నావు?" అన్నాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, విక్టోరియా రాణి బొమ్మున్న అర్ధణా స్టాంపు భూతద్దంలోంచి చూపించాను. గంటసేపు చూశాడాయన. పోతూ పోతూ వాళ్లబ్బాయికి ఒక ప్యాకెట్టు కొనుక్కుపోయాడు. రెండు రూపాయల బేరం.

సరే, ఈ గొడవలోకి ఎలా దిగానో చెబుతాను. 1971 దసరాకి కొట్టు తెరిచాను. కొట్టంటే ఏం లేదు, కోనేరు సెంటరు దగ్గర సైకిలు షాపువాడి షట్టర్లో సగం. అటు పంచర్లు, ఇటు స్టాంపులు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. కొట్టు తెరిచి రెండు నెలలు కాలేదు, బంగ్లాదేశ్ శరణార్థుల కోసమని ప్రభుత్వం ఉత్తరం మీద అదనంగా అయిదు పైసల స్టాంపు అంటించాలంది. నవంబరు 15 నుంచి. అప్పటికి వాడుకలో ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపుంది చూశారూ, అయిదు పైసలది, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ ఉంటారు, దాని మీదే "రెఫ్యూజీ రిలీఫ్" అని అచ్చేశారు. నాసిక్‌లోని ప్రభుత్వ ప్రెస్సు నుంచి అచ్చయినవి అందేదాకా కొన్ని ఊళ్ల పోస్టాఫీసుల్లో వాళ్లే రబ్బరు ముద్ర చేయించుకుని కొట్టారు. జనం ఈ అయిదు పైసలకి విసుక్కునేవాళ్లు. నేను మాత్రం వీధి వీధీ తిరిగి, "అయ్యా, ఆ కవరు పారెయ్యకండి, నాకివ్వండి" అని అడుక్కునేవాణ్ణి. ఏ ఊళ్లో కొట్టిన ముద్ర ఏ తీరులో ఉందో తెలుసుకునేవాళ్లకి అవి కావాలి. అలాంటివాళ్లు మద్రాసులో ఉన్నారు, కలకత్తాలో ఉన్నారు. బందరులో ఎవరూ లేరు. మరి బందరులో కూర్చుని ఈ వ్యాపారం ఎలా? పోస్టులోనే. స్టాంపులు చిన్న పుస్తకంలో అతికించి, కింద ధరలు వేసి, పార్శిలు చేసి పంపేవాణ్ణి. వాళ్లకి కావలసినవి ఉంచుకుని, మిగతావీ డబ్బూ తిప్పి పంపేవాళ్లు. అప్రూవల్స్ అంటారు మాలో. మొహం చూడని మనుషులతో నమ్మకం మీద నడిచే బేరం. యాభై ఏళ్లలో నన్ను ముంచినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు. వడ్డీ వ్యాపారంలో ఈ లెక్క ఎవరైనా చెప్పగలరా?

సరుకు ఎక్కడిదంటారా? నెలకోసారి బందరు ప్యాసింజరెక్కి బెజవాడ, అక్కణ్ణుంచి మద్రాసు, మూర్ మార్కెట్టు. పాపం అది 1985లో తగలబడిపోయింది. అక్కడ పాత పుస్తకాల కొట్ల సందుల్లో స్టాంపులు కిలోల లెక్కన అమ్మేవాళ్లు. కవరు ముక్కతో సహా కత్తిరించినవి, గోనెసంచిలో. ఇంటికి తెచ్చి గోరువెచ్చటి నీళ్లలో వేస్తే పావుగంటలో జిగురు వదిలి స్టాంపు పైకి తేలుతుంది. చేత్తో తియ్యకూడదు, చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో తియ్యాలి. బోర్లా ఆరబెట్టాలి, తర్వాత బరువు కింద పెట్టాలి. మా ఇంట్లో ఆ బరువు మా నాన్నగారి భారతం. పద్ధెనిమిది పర్వాలూ ఒకదాని మీద ఒకటి. "ఇన్నాళ్లకి వ్యాసుడు నీకు పనికొచ్చాడ్రా" అనేవారాయన.

ఇప్పుడొక తప్పు చెప్పుకోవాలి. నిజం చెప్పాలంటే ఈ సభకి ఒప్పుకున్నది దీని కోసమే.

1974లో, చిలకలపూడి నుంచి ఒక మామ్మగారు కబురు పంపారు. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంది, దాన్నిండా రంగం ఉత్తరాలున్నాయి, వచ్చి చూడమని. రంగం అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. రంగూన్. బర్మా. మన కాకినాడ, కోరంగి, విశాఖపట్నం రేవుల్లోంచి ఎంతమంది వెళ్లారండీ అక్కడికి! మిల్లుల్లో, రేవులో, పొలాల్లో పనికి. అక్కడివాళ్లు మనవాళ్లని కోరంగీలనే పిలిచేవాళ్లు, ఎక్కిన రేవు పేరే కులం పేరైనట్టు. ఈ మామ్మగారి భర్త రంగంలో ఒక బియ్యం మిల్లులో గుమస్తా. 1941 డిసెంబరులో జపానువాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక జనం కొండలు దాటి నడిచి వచ్చారు చూశారూ, ఆ నడకలో ఆయన రాలేదు. అంతే. ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు.

ఉత్తరాలు నూటముప్పై పైచిలుకు. మామ్మగారికి డబ్బు అవసరం. మనవడి ఫీజు కట్టాలి. "ఉత్తరాలు నాకు కావాలి బాబూ, స్టాంపులు నువ్వు తీసుకో" అన్నారు. అరవై రూపాయలిచ్చాను. అప్పటికి అది మంచి ధరే, మోసం చెయ్యలేదు. ఇంటికి తెచ్చి ఏం చేశాను? కవర్లలోంచి ఉత్తరాలు తీసి, వరస తప్పకుండా పురికొసతో కట్టాను. కవర్లన్నీ ఇత్తడి బేసినులో వేసి నీళ్లు పోశాను.

ఆయన కాపీయింగ్ పెన్సిలుతో రాసేవారు. తెలుసా అది? పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిలే, తడి తగిలిందా ఊదారంగు సిరా అయిపోతుంది. తెల్లారి చూస్తే బేసిన్నిండా ఊదారంగు నీళ్లు. స్టాంపులు పైకి తేలి ఉన్నాయి, శుభ్రంగా. చాలా సంతోషపడ్డాను నేను. కవర్లు పెరట్లో పడేశాను. మా ఇంట్లోవాళ్లు ఎండాక కాగు కింద పెట్టారు.

మర్నాడు ఉత్తరాల కట్ట పట్టుకెళ్లి మామ్మగారి చేతిలో పెట్టాను. కట్ట విప్పి చూసుకున్నారు. "కవర్లేవి నాయనా?" అన్నారు. కవర్లెందుకండీ, ఉత్తరాలన్నీ ఉన్నాయి, లెక్క చూసుకోండి అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఏమన్నారంటే, "ఉత్తరంలో ఆయనెప్పుడూ నా పేరు రాయలేదు బాబూ. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనే మొదలెట్టేవారు. నా పేరు పైన, కవరు మీదే రాసేవారు" అన్నారు.

కాసేపు నాకు కాళ్లు ఆడలేదు. అప్పట్లో మొగుడూ పెళ్లాం ఒకరి పేరు ఒకరు పలికేవాళ్లా? ఆవిడ పేరు ఆయన చేత్తో రాసింది నూటముప్పై చోట్ల. నూటముప్పై చోట్లా నేను నీళ్లు పోశాను.

పరుగున ఇంటికొచ్చి వెతికితే ఒక్కటి దొరికింది. బేసిను అడుగున అంటుకుపోయి ఉంది. సగం చెరిగిన పేరు. అదే పట్టుకెళ్లి ఇచ్చాను. రామాయణంలో పెట్టుకున్నారు.

వ్యాపారం లెక్కలో చూసినా అది మూర్ఖత్వమే, పిల్లలు ఇది వినండి. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియా నుంచి విడదీశారు. అంతకు ముందు బర్మాలోనూ మన ఇండియా స్టాంపులే వాడేవాళ్లు. అదే రాజు బొమ్మ, అదే అణా. విడిపోయిన కొత్తలో వాటి మీదే "బర్మా" అని అచ్చేసి వాడారు. అంటే 1937కి ముందు స్టాంపు రంగంలో అంటించిందో, బందరులో అంటించిందో ఎలా తెలుస్తుంది? దాని మీద పడిన పోస్టు ముద్ర వల్ల. ఆ ముద్ర సగం స్టాంపు మీద ఉంటుంది, సగం కవరు మీద ఉంటుంది. స్టాంపు ఊడదీశావా, ముద్ర రెండు ముక్కలైంది. కవరు వెనక చేరిన ఊరి ముద్ర ఉంటుంది, ఏ రోజు వచ్చిందో ఉంటుంది. యుద్ధం రోజులవైతే సెన్సారువాళ్లు విప్పి చూసి అతికించిన చీటీ ఉంటుంది. అవన్నీ కలిస్తేనే దానికి విలువ. నేను అరవై రూపాయలు పెట్టి కొన్నది కాగు కింద పెట్టి, చిల్లర ఏరుకున్నాను. ఈ సంగతి నాకు మామ్మగారి మాట విన్న చాలా ఏళ్లకి తెలిసింది. ముందు ఆవిడ మాటే గుచ్చుకుంది.

ఆ రోజు కొట్టు ముందు అట్టముక్క మీద రాసి కట్టాను: "చింపకండి, కవరుతో సహా తీసుకురండి". అట్ట మారింది, రంగు మారింది, మాట మారలేదు. మీలో చాలామంది చూసే ఉంటారు. సైకిలు షాపుకొచ్చినవాళ్లు అది టైరు ట్యూబులకి సంబంధించినదనుకునేవాళ్లు, అది వేరే కథ.

ఇక 1977. ఈ ఊళ్లో ఆ ఏడాది పేరెత్తితే ఇంకేం చెప్పక్కర్లేదు. నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చిన రోజు. మా కొట్టు పెంకులు లేచిపోయాయి. వాడని స్టాంపులు, జిగురున్నవి, షీట్లు షీట్లు తడిసి అప్పడాల కట్టలా ఒక్కటైపోయాయి. నష్టం ఎంతని అడక్కండి. దివిసీమ వైపు నుంచి వస్తున్న కబుర్లు వింటుంటే నా స్టాంపుల గురించి నోరెత్తడానికి సిగ్గేసింది. పది వేల మందికి పైగా పోయారు. నాలుగో రోజు బియ్యం లారీ ఒకటి అవనిగడ్డ వెళ్తుంటే ఎక్కాను. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? పోస్టుకార్డులున్నాయి. తడవని కట్టలు అయిదు, అయిదు వందల కార్డులు. రెండు పెన్నులు.

బడి వరండాలో కూర్చుని రాశాను. ఏమని రాస్తాం? "మేం బతికే ఉన్నాం. కంగారు పడకండి. ఫలానావాళ్లు లేరు." ఇంతే. రోజంతా ఇదే మాట. చిరునామాలు ఎలా చెప్పేవాళ్లో వినాలి మీరు. "గుడివాడలో మా బావ, రైలు కట్ట పక్కన మేకలుంటాయి, ఆ ఇల్లు." అలాగే రాశాను. గుడివాడ పోస్టుమాన్‌కి మేకలు తెలియకుండా ఉంటాయా? ఆ కార్డు చేరింది కూడా. ఆ బావ వారం తిరక్కుండా సంచి బియ్యంతో దిగాడు.

ఒకాయన, నడివయసు మనిషి, వరసలో నిలబడి తన వంతు వచ్చాక ఏమీ మాట్లాడలేదు. ఎవరికి రాయమంటారు అన్నాను. "రాయడానికెవరూ లేరండీ" అన్నాడు. మరి అన్నాను. "ఒక కార్డు ఇవ్వండి, ఉంచుకుంటాను" అన్నాడు. ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లి మళ్లీ వరస చివర నిలబడ్డాడు. చీకటి పడేదాకా అలా నాలుగు సార్లు వచ్చాడు.

దాని గురించి నేను ఇంతకన్నా చెప్పలేను.

పిల్లల సంగతికి వద్దాం, వాళ్లకి నిద్రొస్తున్నట్టుంది. 1979 నుంచి ప్రతి ఆదివారం మున్సిపల్ స్కూలు వరండాలో స్టాంపుల బడి పెట్టాను. ఫీజు లేదు. వచ్చిన ప్రతివాడికీ పాతిక స్టాంపులు ఉచితం. దానికి బదులు వాడు చెయ్యవలసింది ఒకటే, ఆ పాతికా ఏ దేశాలవో వచ్చే ఆదివారానికి కనుక్కుని రావాలి. అంత తేలికనుకున్నారా? స్టాంపు మీద "మాగ్యార్ పోస్టా" అని ఉంటుంది, అది హంగరీ అని వాడికెలా తెలుస్తుంది? "హెల్వెషియా" అంటే స్విట్జర్లాండు. "సువోమి" అంటే ఫిన్లాండు. ఇంగ్లండు స్టాంపు మీద అసలు దేశం పేరే ఉండదు, ముందు మేమే మొదలెట్టాం కాబట్టి మాకు పేరక్కర్లేదని వాళ్ల ధీమా. 1840లో మొదలెట్టిన మాట నిజమే లెండి. ఈ వివరాలు కనుక్కోవడానికి పిల్లలెక్కడికి వెళ్లేవాళ్లు? ఇక్కడికే, ఈ లైబ్రరీకే. అట్లాసు పేజీలు నలిగిపోయాయని అప్పటి లైబ్రేరియన్ గారు నా మీద కేకలేశారు. సంతోషంగానే వేశారు.

అజ్మాన్, ఫుజైరా, ఉమ్మల్ కువైన్ అని ఎడారి రాజ్యాల స్టాంపులుండేవి. అరచేతి సగమంత, రంగురంగులవి, జంతువులూ రాకెట్లూ. ఉత్తరాలు రాసుకునేవాళ్లు అక్కడ గుప్పెడుమంది, స్టాంపులు మాత్రం లక్షలకి లక్షలు, మనలాంటి దేశాల పిల్లలకి అమ్ముకోవడానికే అచ్చేసేవాళ్లు. స్టాంపులు సేకరించే పెద్ద పెద్దవాళ్లు వాటిని చెత్త అంటారు. అననివ్వండి. తర్వాత మన జిల్లా కుర్రాళ్లు గల్ఫుకి వరస కట్టినప్పుడు, ఫుజైరా ఎక్కడుందో వీసా రాకముందే తెలిసినవాళ్లు మా వరండా పిల్లలు.

భూటాన్ స్టాంపు కథ చెప్పకపోతే నన్ను ఇవాళ ఇంటికి పోనివ్వరు. 1973లో భూటాన్ వాళ్లు గ్రామఫోను రికార్డు స్టాంపు వేశారు. నిజంగానే రికార్డు. గుండ్రంగా, చిన్నగా, వెనక జిగురు. అంటిస్తే ఉత్తరం పోతుంది, తిప్పితే పాట వస్తుంది. నాకు మూర్ మార్కెట్లో ఒకటి దొరికింది. దొరికింది సరే, వినిపించేదెలా? మన సెంటర్లో మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన ఉండేవాడు, పెళ్లిళ్లకీ రికార్డింగ్ డాన్సులకీ. ఆయన దగ్గరికెళ్లి అడిగితే, "ఇంత బిళ్ల నా ముల్లుకి ఆనదు" అన్నాడు. బతిమాలితే ఒక ఆదివారం పట్టుకొచ్చాడు. బిళ్ల మరీ చిన్నది, సరిగ్గా కూర్చోదు. కింద ఒక పాత సినిమా రికార్డు వేసి దాని మీద దీన్ని పెట్టి, 33 స్పీడు మీద తిప్పాడు. అరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు. ముందు బర్రుమంది. తర్వాత గీరుకుంటూ, ఎక్కడో కొండల అవతల నుంచి వచ్చినట్టు గొంతు. మాటలు అర్థం కావు. నిమిషం ఉందో లేదో, ముల్లు జారి కింద ఉన్న సినిమా పాట మీద పడింది! పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇవాళ్టికీ ఎక్కడైనా కనబడితే "మాస్టారూ, భూటాన్ పాట" అంటారు. నేను మాస్టార్ని కాను, అయినా అలాగే పిలుస్తారు.

అన్నీ ఇలాంటి కథలే అనుకోకండి. ఒక పిల్లాడు, ఎనిమిదేళ్లుంటాయి, ముక్కోణం స్టాంపు ఒకటి నిక్కరు జేబులో వేసుకోవడం చూశాను. అది అర్ధరూపాయి సరుకు. ఆ రోజు నాకేదో చిరాకు. అందరి ముందూ లేపి నిలబెట్టి జేబు తిరగెయ్యమన్నాను. తిరగేశాడు. స్టాంపు కింద పడింది. వాడు తియ్యలేదు, నేనూ తియ్యలేదు. తర్వాతి ఆదివారం రాలేదు, ఆపై ఆదివారం రాలేదు. ఇల్లు కనుక్కుని వెళ్తే ఖాళీ చేసి వెళ్లిపోయారన్నారు. ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ తర్వాత వరండాలో ఒక పళ్లెం పెట్టాను. "అడక్కుండా ఒకటి తీసుకోవచ్చు" అని. ఆ పని ముందే చేసుండొచ్చుగా? తట్టలేదు.

మన ఊరి ముచ్చట ఒకటి. స్వతంత్ర భారతదేశం వేసిన మొట్టమొదటి స్టాంపు ఏమిటో ఎవరైనా చెబుతారా? ఆ, ఆ అమ్మాయి. జెండా! కరెక్టు తల్లీ. 1947 నవంబరు 21న, మూడున్నర అణాల స్టాంపు. ఎగిరే జెండా, పక్కన జై హింద్. మరి ఆ జెండాకి మూలరూపం గీసిందెవరు? భట్లపెనుమర్రులో పుట్టి, మన బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పిన పింగళి వెంకయ్యగారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారి చేతిలో పెట్టారు. జెండా 1947లోనే స్టాంపెక్కింది. మరి జెండా గీసినాయన? 2009లో. అరవై రెండేళ్లు పట్టింది. ఆయన 1963లోనే పోయారు. 1972లో ప్రకాశం పంతులుగారికీ వేమనకీ ఒకేరోజు వేశారు, 1986లో అల్లూరికి వేశారు. వెంకయ్యగారి వంతు రావడానికి అంతకాలం ఎందుకు పట్టిందని నన్నడిగితే నేనేం చెప్పను? మనం అడగలేదు కాబట్టి. స్టాంపులు సేకరించేవాళ్లం, వ్యాపారులం, మేమైనా గట్టిగా అడగాల్సింది. నేను ఒక్క కార్డు కూడా రాయలేదు. ఆ ఆగస్టు 12న పొద్దున్నే పెద్ద పోస్టాఫీసుకి వెళ్లి కొన్నాను. రెండు స్టాంపుల్నీ ఒక్క అట్ట మీద పక్కపక్కన పెట్టి బళ్లకి ఇచ్చాను, 1947ది ఒకటి, 2009ది ఒకటి. నలభై బళ్లకి. 1947ది అన్ని సంపాదించడానికి నా చేతి చమురు బాగానే వదిలింది, ఆ సంగతి మా ఆవిడకి ఇవాళే తెలుస్తోంది. అదుగో చూస్తోంది.

పెద్దవాళ్లకొక హెచ్చరిక చెప్పి వదిలేస్తాను. మీ ఫోన్లలో వస్తాయి, పాత అయిదు రూపాయల నోటుకి లక్షలిస్తాం, ఫలానా దేవి బొమ్మున్న నాణేనికి పది లక్షలిస్తాం అని. వారానికి ఇద్దరైనా నా దగ్గరికి వస్తారు, చేతిలో నోటు పట్టుకుని. మొన్నొకాయన అప్పటికే "రిజిస్ట్రేషను ఫీజు" కట్టి వచ్చాడు, పన్నెండు వేలు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషను అడుగుతారు. ఆ బ్యాంకు 2021లోనే చెప్పింది, మాకు ఆ కొనుగోళ్లతో సంబంధం లేదు, ఫీజులు అడగం అని. నిజమైన కొనుగోలుదారుడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. స్టాంపుల్లోనూ అంతే. 1948లో గాంధీగారి పది రూపాయల స్టాంపుంది, దాని మీద "సర్వీస్" అని ముద్ర వేసినవి గవర్నర్ జనరల్ వాడకానికి వంద మాత్రమే చేశారు. లక్షలు పలికేది అది. మామూలుది కాదు. మీ అటక మీద ఉన్నది మామూలుదే. ముద్ర ఉన్నది తెస్తే మాత్రం, ముందు నాకు సోడా తెప్పించండి.

పిల్లలకి స్టాంపుల మీద స్కాలర్‌షిప్పు ఉందని ఎంతమందికి తెలుసు? తపాలా శాఖవాళ్లది, 2017 నుంచి ఇస్తున్నారు, స్పర్శ్ అని. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి, ఏడాదికి ఆరు వేలు. క్విజ్ పెడతారు, ప్రాజెక్టు రాయిస్తారు. ఎవరైనా రాస్తానంటే నేను చెబుతాను. ఆదివారం, అదే వరండా. మోకాళ్లు నొప్పులు, కుర్చీ మాత్రం మీరు తెచ్చుకోవాలి నాకు.

ఇప్పుడు అసలు పని. కొట్టు ఈ సంక్రాంతికి మూసేస్తున్నాను. టెలిగ్రాం 2013లో పోయింది, రిజిస్టరు పోస్టుని ఈ మధ్యే స్పీడు పోస్టులో కలిపేశారు, ఉత్తరాలు మీకు తెలిసిందే. ఏడవడానికి చెప్పట్లేదు, ఫోను నాకూ ఉంది, మనవడితో బొమ్మ చూస్తూ మాట్లాడతాను. స్టాంపులు అమ్మేశాను, మద్రాసు ఆయన ఒకరు తీసుకున్నారు. కవర్లు అమ్మలేదు. పదకొండు పెట్టెలు. బందరు నుంచి వెళ్లినవి, బందరుకి వచ్చినవి, రంగం నుంచి, దుబాయి నుంచి, అమెరికా నుంచి. ఇవి ఈ లైబ్రరీకి ఇస్తున్నాను. ఒక్క షరతు. బీరువా గోడకి ఆనించకండి. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలుసుగా, కాయితం మీద తుప్పు మచ్చలు వేస్తుంది. జానెడు జాగా వదలండి. కలరా ఉండలు వెయ్యకండి, చెమ్మ పీల్చే సిలికా సంచులు దొరుకుతాయి, ఆర్నెల్లకోసారి మార్చండి. నేను పోయాక మా అబ్బాయి మారుస్తాడు, మాటిచ్చాడు.

పదకొండో పెట్టెలో అన్నిటికీ పైన ఒక కవరుంటుంది. మామ్మగారు పోయాక వాళ్ల మనవడు కొట్టుకి తెచ్చాడు. నా అట్ట చూసి వచ్చాడట, "కవరుతో సహా" అని ఉందిగా. పది రూపాయలు అడిగాడు. వంద ఇచ్చాను, వాడికి అర్థం కాలేదు. స్టాంపు లేని కవరు నా జన్మలో డబ్బిచ్చి కొన్నది అదొక్కటే. ఇదిగో, తెచ్చాను. ఊదారంగు మరక కనబడుతోందా అక్కడికి? మొదటి రెండక్షరాలు పోయాయి. మిగతా మూడూ చదవొచ్చు. చేతులు తుడుచుకుని ఒక్కొక్కరే వచ్చి చూడండి.

ఏం నాయనా, నీ దగ్గరా ఏదో ఉన్నట్టుందే? మీ తాతగారిదా? ఇటివ్వు. వద్దు వద్దు, స్టాంపు పీకకు, అలాగే తీసుకురా.